చప్పట్లు కొట్టాక కాసేపు ఆగండి

(గ్రంథాలయ వారోత్సవాల సందర్భంగా సూర్యాపేటలో ఒక విశ్రాంత చరిత్ర అధ్యాపకుడు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. వెనక వరుసలో ఉన్నవాళ్లకు వినిపిస్తోందా? సరే.

కరపత్రంలో నా పేరు పక్కన "ప్రముఖ చరిత్రకారులు" అని వేశారు. అంత లేదండీ. జూనియర్ కాలేజీలో ముప్పై ఏళ్లు చరిత్ర పాఠం చెప్పిన మాస్టారిని. ఏటా డిసెంబరులో పిల్లల్ని బస్సెక్కించి హైదరాబాద్ చూపించి, తలలు లెక్కపెట్టుకుని వెనక్కి తెచ్చినవాణ్ణి. నాకు హైదరాబాద్ తెలిసింది ఆ బస్సు కిటికీలోంచి, ఆ టికెట్ల క్యూలోంచి.

మొదటి టూరు సంగతి చెప్పాలి. 42 మంది పిల్లలు, ఇద్దరం మాస్టార్లం. పొద్దున నాలుగింటికి బయలుదేరాం. పులిహోర పొట్లాలు కట్టించాం. సాలార్‌జంగ్ మ్యూజియం ముందు దిగి చూస్తే గేటుకు తాళం. వాచ్‌మన్ మమ్మల్ని జాలిగా చూసి, "ఫ్రైడే బంద్ ఉంటది సార్" అన్నాడు. ఆ రోజు శుక్రవారం! టూరు తేదీ పెట్టింది నేనే, క్యాలెండర్ చూసిందీ నేనే. (నవ్వులు) కాబట్టి ముందుగా ఇది రాసుకోండి. సాలార్‌జంగ్, చౌమహల్లా, పబ్లిక్ గార్డెన్స్‌లో ఉన్న స్టేట్ మ్యూజియం, పురానీ హవేలీలో ఉన్న నిజాం మ్యూజియం, అన్నిటికీ శుక్రవారమే సెలవు. గోల్కొండకు ఆ బాధ లేదు.

సరే, ఏం చేస్తాం? మూసీ ఒడ్డున పిట్టగోడ పక్కన కూర్చుని పులిహోర తిన్నాం. అప్పుడొక పిల్లవాడు అడిగాడు. "సార్, ఇంత విలువైన సామాను నది పక్కన పెట్టారేంటి? వరదొస్తే?" నా దగ్గర జవాబు లేదు. పెద్ద మాస్టారిలా మొహం పెట్టి "తర్వాత చెబుతా" అన్నాను. ఇంటికొచ్చి చదివితే తెలిసింది. 1908 సెప్టెంబరు 28న మూసీకి వచ్చిన వరదలో వేలమంది కొట్టుకుపోయారట. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి 150 మంది దాకా ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ తర్వాతే నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. మ్యూజియం ఇప్పుడున్న భవనంలోకి వచ్చింది 1968లో. అంటే పైన రెండు చెరువులు కాపలా కాస్తున్నాయన్న ధైర్యంతో కట్టారన్నమాట. మ్యూజియం లోపలికి అడుగుపెట్టకుండానే ఆ ఊరి గురించి నాకు మొదటి పాఠం దొరికింది. అదీ ఒక పిల్లవాడి పుణ్యాన, పులిహోర తింటూ.

నేను ఇవాళ చెప్పదలచుకున్నది ఇంతే. ప్రతి చోటా గైడు చూపించే వస్తువు ఒకటుంటుంది. గోల్కొండలో చప్పట్లు, సాలార్‌జంగ్‌లో గడియారం, చౌమహల్లాలో షాండ్లియర్లు. వాటిని చూడొద్దనను, బాగుంటాయి. చూశాక గుంపు గబగబా తర్వాతి చోటికి కదిలిపోతుంది. మీరు మాత్రం ఓ పది నిమిషాలు అక్కడే ఆగి పక్కకు చూడండి. అసలు విషయం చెప్పేశాను, నిద్రొచ్చేవాళ్లు ఇక పడుకోవచ్చు. (నవ్వులు)

గోల్కొండతో మొదలుపెడదాం. టికెట్టు తీసుకుని లోపలికి వెళ్లే పెద్ద ద్వారం బాలా హిస్సార్ దర్వాజా. గుమ్మటం కింద నిలబడి గైడు చప్పట్లు కొడతాడు. ఆ చప్పుడు దాదాపు కిలోమీటరు దూరంలో, కొండ కొసన వినిపిస్తుందంటాడు. మనమూ కొడతాం. మన వెనక వచ్చినవాళ్లూ కొడతారు. ఆదివారం పూట అక్కడ నిలబడితే ఏదో సన్మాన సభకు వచ్చినట్టుంటుంది. కప్పు లోపలి వంపులకు తగిలిన శబ్దం చెదిరిపోకుండా ఒక దిక్కుకు మళ్లి పైకి పోతుంది. కింద ఎవరైనా కొత్తవాళ్లు వస్తే పైనున్న కాపలావాళ్లకు తెలియడానికి ఆ ఏర్పాటు.

గుంపు కదిలాక వెనక్కి తిరిగి ఆ ద్వారానికి ఎదురుగా ఉన్న గోడను చూడండి. ఎవరూ దాన్ని పట్టించుకోరు. దారికి అడ్డంగా ఎందుకు కట్టారా అనిపిస్తుంది. పరదా గోడ అది. ఆ రోజుల్లో కోట తలుపులు బద్దలుకొట్టాలంటే ఏనుగుతో గుద్దించాలి. ఏనుగు అంత బలంగా గుద్దాలంటే దూరం నుంచి పరుగెత్తుకు రావాలి. తలుపుకు ఎదురుగా గోడ ఉంటే పరుగుకు చోటేదీ? ఇక తల పైకెత్తి ద్వారం మీది గచ్చు పని చూడండి. నెమళ్లు, సింహాలు కనిపిస్తాయి. మన గుడి గోపురం మీద ఉండాల్సిన బొమ్మలు సుల్తాను కోట గుమ్మం మీద ఎందుకున్నాయని పిల్లలు అడిగేవాళ్లు.

ఆ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే కొంచెం పక్కకు వెళ్లాలి. ఈ కొండ మొదట కాకతీయుల నాటి మట్టికోట. గొల్లకొండ అనేదే గోల్కొండ అయిందంటారు. తర్వాత బహమనీల చేతికి, వాళ్ల నుంచి కుతుబ్‌షాహీల చేతికి వచ్చింది. వాళ్లలో 1550 నుంచి 1580 దాకా ఏలిన ఇబ్రహీం కుతుబ్‌షా పడుచుతనంలో అన్నకు భయపడి విజయనగరం పారిపోయి, అళియ రామరాయల కొలువులో ఏడేళ్లు తలదాచుకున్నాడు. తెలుగు రుచి అక్కడే అంటింది. గద్దెనెక్కాక తెలుగు కవులను ఆదరించాడు. వాళ్లు ఆయన్ను 'మల్కిభరాముడు' అని పిలుచుకున్నారు. ఇబ్రహీం అనే పేరును తెలుగు నాలుక అలా మలుచుకుంది. అద్దంకి గంగాధరకవి తన తపతీసంవరణోపాఖ్యానాన్ని ఆయనకే అంకితమిచ్చాడు. ఇంకో మాట కూడా చెప్పాలి. ఆశ్రయమిచ్చిన అదే రామరాయల మీదికి 1565లో దండెత్తిన సుల్తానుల్లో ఈయనా ఉన్నాడు. పిల్లలకు ఈ రెండూ కలిపి చెప్పేవాణ్ణి. ఒకటి చెప్పి ఒకటి దాస్తే అది పాఠం కాదు, ప్రచారం.

ఇక మెట్లెక్కుదాం. మూడొందల పైచిలుకు ఉంటాయి. ఎక్కేటప్పుడు అందరూ పైకి చూస్తూ ఆయాసపడతారు. మీరు గోడల వైపు చూడండి. అక్కడక్కడా గోడ పెచ్చులూడిన చోట మట్టి గొట్టాలు బయటపడి ఉంటాయి. కుమ్మరి సారె మీద చేసిన గొట్టాలే. ఒకదాని మూతి ఇంకోదాంట్లో దూర్చి, చుట్టూ గచ్చు పోసి గోడలో పూడ్చారు. నాకు గోల్కొండ మొత్తంలో బాగా నచ్చే వస్తువు అదే. కొండ ఎత్తు 400 అడుగుల దాకా ఉంటుంది. దర్బారూ అంతఃపురాలూ కట్టుకోవచ్చు, తాగే నీళ్ల మాటేంటి? దుర్గం చెరువు నుంచి నీళ్లు కోట దాకా వచ్చేవి. అక్కడి నుంచి చక్రాలతో ఒక తొట్టిలోకి తోడి, ఆ తొట్టి నుంచి ఇంకో చక్రంతో పై తొట్టిలోకి తోడి, అంచెలంచెలుగా ఎక్కించేవాళ్లు. పై తొట్టి నుంచి ఈ గొట్టాల గుండా కిందికి వదిలితే ఫౌంటెన్లు కూడా చిమ్మేవి. ఇవాళ దుర్గం చెరువు మీద తీగల వంతెన వేశారు, రాత్రిపూట లైట్లలో సెల్ఫీలు దిగుతున్నారు. ఒకప్పుడు గోల్కొండ దాహం తీర్చిన చెరువు అదేనని ఆ సెల్ఫీ దిగేవాళ్లలో ఎంతమందికి తెలుసో.

ఒక ఏడాది మా స్టూడెంట్ ఒకమ్మాయి ఆ గొట్టంలో వేలు పెట్టి చూసింది. వాళ్ల నాన్న కుమ్మరి పని చేసేవాడు. "సార్, లోపల వేళ్ల గీతలున్నాయి" అంది. నేనూ వేలు పెట్టాను. నిజమే. సారె తిరుగుతుండగా మట్టిని పైకి లాగినప్పుడు పడే చుట్టలు చుట్టలుగా గీతలు. ఎన్నిసార్లు ఆ గోడ పక్కనుంచి నడిచానో లెక్క లేదు, నాకెప్పుడూ తట్టలేదు. కుతుబ్‌షాహీల వంశవృక్షం మాత్రం నాకు కంఠతా వచ్చు! (నవ్వులు)

దారిలో రామదాసు బందీఖానా వస్తుంది. ఇక్కడ మనవాళ్లు చెప్పులు విప్పుతారు, ఎవరూ చెప్పక్కర్లేదు. కంచర్ల గోపన్న పాల్వంచ పరగణాకు తహసీల్దారు. వసూలైన పన్నుతో భద్రాచలం గుడి కట్టించాడని తానీషా చెరలో పెట్టాడు. పన్నెండేళ్లు ఉన్నాడంటారు. గోడ మీద రాముడు, లక్ష్మణుడు, ఆంజనేయుడి బొమ్మలు చెక్కి ఉన్నాయి. పైకప్పులో ఉన్న కంతలోంచి వెలుతురు పడుతుంది. నిజానికి అది మొదట జైలు కాదు, సరుకులు దాచుకునే కొట్టు. అది గుర్తుంచుకుని ఒకసారి లోపల నిలబడి చూడండి. గాలి ఆడదు, కిటికీ ఉండదు. ఎవరికి ఏ నగ చేయించాడో, దానికి ఎంతైందో రాముడికి లెక్క అప్పజెప్పే కీర్తన ఉంది చూడండి, అది అంత ఉక్రోషంగా ఎందుకుంటుందో ఆ గదిలో నిలబడితే అర్థమవుతుంది.

ఆ తానీషా దగ్గర పెత్తనమంతా ఇద్దరు తెలుగు అన్నదమ్ములది. అక్కన్న, మాదన్న. గోపన్నకు మేనమామలు. 1686లో గోల్కొండలోనే వాళ్లను చంపేశారు. మరుసటి ఏడాది ఔరంగజేబు ఎనిమిది నెలలు ముట్టడి వేశాడు. ఫిరంగులతో కోట లొంగలేదు. చివరికి అబ్దుల్లాఖాన్ పన్నీ అనేవాడు లంచం తీసుకుని లోపలి నుంచి తలుపు తీశాడు. ఏనుగు రాకుండా గోడ కట్టారు, చప్పట్లకు గుమ్మటం కట్టారు. గడియ తీసే చేతికి మాత్రం విరుగుడు కనిపెట్టలేకపోయారు.

వజ్రాల గురించి ఒక్కమాట చెప్పి కిందికి దిగుతాను. గోల్కొండ వజ్రాలు గోల్కొండలో దొరకలేదు. ఇక్కడ అంగడి, గనులు వేరే చోట. కొల్లూరు అని కృష్ణ ఒడ్డున ఉండేది, ఇవాళ్టి పల్నాడు వైపు. పదిహేడో శతాబ్దంలో టావెర్నియే అనే ఫ్రెంచి వ్యాపారి వెళ్లి చూసి, 60,000 మంది దాకా అక్కడ పని చేస్తున్నారని రాశాడు. ఆ కొల్లూరు ఇప్పుడు పులిచింతల నీళ్ల కింద ఉంది. మన జిల్లా సరిహద్దుకు పెద్ద దూరమేం కాదు. లోకమంతా గోల్కొండ పేరు తలుస్తుంది, తవ్విన ఊరేమో నీళ్ల అడుగుకు పోయింది.

కొండ మీద జగదాంబిక అమ్మవారి గుడి ఉంది. ఆషాఢంలో హైదరాబాద్ బోనాలకు తొలి బోనం ఇక్కడే. వీలైతే ఆ రోజు వెళ్లండి. కోట ఆ రోజు టూరిస్టులది కాదు. నెత్తిన బోనం పెట్టుకుని, చేతిలో వేపమండలతో ఆడవాళ్లు ఆ మెట్లన్నీ ఎక్కుతారు. పక్కన నా వయసువాళ్లు నీళ్ల సీసా పట్టుకుని రొప్పుతుంటారు.

కోట దిగాక దగ్గర్లోనే కుతుబ్‌షాహీల సమాధులున్నాయి. ఆ వంశంలో చివరివాడైన తానీషా సమాధి మాత్రం అక్కడ లేదు. దౌలతాబాద్ కోటలో ఖైదీగా ఉండి అక్కడే పోయాడు. సమాధుల మరమ్మతు ఏళ్ల తరబడి శ్రద్ధగా చేశారు, పాత ఫొటోలు చూసి వెళ్లినవాళ్లు గుర్తుపట్టలేరు. సాయంత్రం పూట వెళ్లండి, అంతకుమించి చెప్పను.

చార్మినార్ గురించి నేను చెప్పాల్సింది లేదు, 1591 అని ఇక్కడున్న పిల్లలందరికీ తెలుసు. పరీక్షలో ఒక మార్కు బిట్టు. అక్కడికి దగ్గర్లో ఎవరూ వెళ్లని చోటొకటి చెబుతాను. బాద్షాహీ అషుర్‌ఖానా. చార్మినార్ కట్టించిన మహమ్మద్ కులీయే ఆ తర్వాత కొద్ది ఏళ్లకు కట్టించాడు. మొహర్రంలో పీరీలను నిలబెట్టే చోటు. మన పల్లెల్లో పీర్ల పండుగ ఎరిగినవాళ్లకు కొత్తగా అనిపించదు. లోపలి గోడల నిండా రంగు పలకలు పరిచారు. నీలం, పసుపు, ఆకుపచ్చ. నాలుగొందల ఏళ్లు దాటినా నిన్న అతికించినట్టున్నాయి. అవి చూసి ఆహా అనుకున్నాక కిందికి చూపు దించండి. గోడ అడుగు భాగంలో పలకలు ఉండవు, వాటిని పోలిన రంగు బొమ్మలుంటాయి. ఇందాక చెప్పిన 1908 వరద ఇక్కడిదాకా వచ్చి కింది పలకలను పాడుచేసింది. పోయిన చోట రంగులు వేశారు. పలక ఎక్కడ ఆగి రంగు ఎక్కడ మొదలైందో వెతికితే, ఆ రోజు నీళ్లు ఎంత ఎత్తున నిలబడి ఉంటాయో మీ ఒంటితో కొలుచుకోవచ్చు. ఇంతకంటే మంచి చరిత్ర పుస్తకం నేను చూడలేదు. అది ప్రార్థన జరిగే చోటు. చెప్పులు బయట వదిలి, గొంతు తగ్గించి వెళ్లండి.

చౌమహల్లా. పేరుకు తగ్గట్టు నాలుగు మహళ్లు. 1750 ప్రాంతంలో మొదలై, అయిదో నిజాం అఫ్జలుద్దౌలా కాలానికి పూర్తయింది. నిజాములు గద్దెనెక్కింది ఇక్కడి ఖిల్వత్ దర్బారులోనే. దర్బారు హాలులో 19 బెల్జియం షాండ్లియర్లు వేలాడుతుంటాయి. అందరూ తలెత్తి ఫొటో తీస్తారు. ఆ గాజు మీది దుమ్ము ఎవరు తుడుస్తారన్నది నా సందేహం. మా ఆవిడ అడిగించిన సందేహం అనుకోండి. (నవ్వులు)

ఈ ప్యాలెస్ చాలా ఏళ్లు పాడుబడి ఉంది. ఒకప్పుడు 45 ఎకరాలు. ఇప్పుడు మనం తిరిగేది దాంట్లో మూడో వంతు కూడా ఉండదు. 2000 తర్వాత నిజాం కుటుంబపు యువరాణి ఎస్రా పూనుకుని బాగు చేయించారు. 2010లో యునెస్కో వాళ్ల గుర్తింపు కూడా వచ్చింది. అక్కడ నేను ఆగమనేది ఫొటోల గదుల దగ్గర. రాజుగారి వెనక నిలబడిన నౌకర్లు, దర్బారీలు, కాపలావాళ్లు అందులో ఉంటారు. ఎవరికీ పేరుండదు. ముందు కూర్చున్న ఒక్కడికే పేరు. 2023 జనవరిలో చివరి నిజాం మనవడు ముకరంజా ఇస్తాంబుల్‌లో పోతే, జనం చూడ్డానికి ఆయన భౌతికకాయాన్ని ఈ చౌమహల్లాలోనే ఉంచారు. తాత పేరు తప్ప ఏమీ తెలియని పాతబస్తీ కుర్రాళ్లు కూడా లైను కట్టారు.

పురానీ హవేలీ మ్యూజియం చిన్నది. చాలామంది అక్కడికి వెళ్లేది టిఫిన్ బాక్సు కోసం. కథ మీకూ తెలిసే ఉంటుంది. 2018 సెప్టెంబరులో ఇద్దరు దొంగలు వెంటిలేటర్ గుండా తాడుతో దిగి వజ్రాలు పొదిగిన బంగారు టిఫిన్ బాక్సు, కప్పు, సాసరు, చెంచా ఎత్తుకుపోయారు. పదిరోజులు తిరక్కుండా దొరికిపోయారు. వాళ్లలో ఒకడు ఆ బాక్సులో రోజూ అన్నం పెట్టుకుని తిన్నాడని పోలీసులు చెప్పారు. నిజాం ఆ బాక్సులో ఒక్కపూటైనా తిన్నాడో లేదో! చేసిన పని తప్పే, ఒప్పుకుంటాను. పేపర్లో చదివినప్పుడు మాత్రం నాకు నవ్వాగలేదు. వస్తువుకు దాని పని దొరికింది కదా అనిపించింది. (నవ్వులు, చప్పట్లు)

టిఫిన్ బాక్సు చూశాక ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా బట్టల బీరువా చూడండి. బీరువా అంటున్నాను గానీ అది ఓ వీధి. 170 అడుగుల పైమాటే. రెండంతస్తుల చెక్క అరలు, పైకెళ్లడానికి చేత్తో తిప్పే లిఫ్టు. కట్టిన బట్ట మళ్లీ కట్టేవాడు కాదని చెబుతారు. అదే మనిషి పేరు తలుచుకుంటే పాము విషం దిగుతుందని జనం నమ్మేవాళ్లు. మన మహబూబ్‌నగర్‌కు ఆయన పేరే. ఆయన కొడుకు, ఏడో నిజాం, దీనికి సరిగ్గా వ్యతిరేకం. 1937లో టైమ్ పత్రిక లోకంలోకెల్లా ధనవంతుడని ముఖచిత్రం వేస్తే, ఈయన మాసిన షేర్వానీ, పాత టోపీతో కింగ్ కోఠీలో తిరిగేవాడు. తండ్రి పాత బూటు మొనలో దొరికిన జాకబ్ వజ్రాన్ని కాగితాలు ఎగరకుండా బరువుగా వాడుకున్నాడని చెబుతారు. తండ్రి బీరువాలో అటూ ఇటూ నడిచాక కొడుకు పిసినారితనం మీద నాకు పెద్దగా ఆశ్చర్యం మిగల్లేదు.

ఇక సాలార్‌జంగ్. శనివారం, ఆదివారం ఒద్దు, ఊపిరాడదు. గంట కొట్టడానికి పావుగంట ముందే గడియారం దగ్గర జనం పోగవుతారు. కలకత్తాలోని కుక్ అండ్ కెల్వీ కంపెనీ తయారుచేసిన గడియారం. గంటకోసారి గడ్డపు బొమ్మ ఒకటి బయటికొచ్చి ఎన్నయిందో అన్ని గంటలు కొట్టి లోపలికి పోతుంది. పన్నెండుకు వెళితే గిట్టుబాటు. (నవ్వులు) అక్కడే ఇంకో బొమ్మ ఉంది, ఎవరూ చూడరు. సుత్తి పట్టుకున్న కమ్మరి. క్షణానికో దెబ్బ వేస్తూనే ఉంటాడు. గంటలు కొట్టే ఆసామి రోజు మొత్తంలో ఇరవైనాలుగు సార్లు బయటికొస్తాడు, ఆయనకు వందలమంది ప్రేక్షకులు. ఈ కమ్మరికి విరామం లేదు, చూసేవాడూ లేడు.

ముసుగు రెబెక్కా విగ్రహం సరే. బెంజోని అనే ఇటలీ శిల్పి చెక్కింది, మొదటి సాలార్‌జంగ్ 1876లో రోములో కొన్నాడు. పాలరాతి ముసుగులోంచి మొహం కనిపిస్తుంది, చూసినవాడెవడూ నోరు మూసుకుని రాలేడు. ఇంత సామాను కూడబెట్టిన మూడో సాలార్‌జంగ్ గురించి మాత్రం గైడు చెప్పడు. మీర్ యూసుఫ్ అలీఖాన్. ఇరవైమూడేళ్లకే, 1912లో, నిజాం దగ్గర ప్రధానమంత్రి అయ్యాడు. రెండేళ్లు తిరిగేసరికి పదవి వదిలేశాడు. ఆ తర్వాత ముప్పై అయిదేళ్లు ఆయన చేసింది కొనడమే. తాతదీ తండ్రిదీ పోగు ఎలాగూ ఉంది. పెళ్లి చేసుకోలేదు. 1949 మార్చిలో పోయాడు, వారసుడు లేడు. పోలీసు యాక్షన్ జరిగి ఆర్నెల్లయింది. నిజాం రాజ్యమే లేదు, ఈ వస్తువులు ఎవరివి? ఆయన ఇల్లు దివాన్ దేవిడీలోనే మ్యూజియంగా సర్ది పెడితే 1951 డిసెంబరు 16న నెహ్రూ వచ్చి తెరిచాడు. 1961లో పార్లమెంటు చట్టం చేసి జాతీయ సంస్థ చేసింది. ఆ దివాన్ దేవిడీలో ఇప్పుడు బట్టల దుకాణాలున్నాయి. పండక్కి షాపింగ్‌కు వెళ్లినవాళ్లు ఆ ఇంటి మీదే నడిచి ఉంటారు.

ఇవన్నీ తిరిగాక ఒక పూట మిగిలితే పబ్లిక్ గార్డెన్స్ స్టేట్ మ్యూజియానికి వెళ్లండి. అందరూ ఈజిప్టు మమ్మీని చూసి వచ్చేస్తారు. మనవాళ్లు అలా రావద్దు. మన తిరుమలగిరి పక్కన ఫణిగిరి గుట్ట ఉంది కదా, అక్కడ తవ్వకాల్లో దొరికిన బౌద్ధ శిల్పాలు అక్కడున్నాయి. వాటిలో కొన్ని 2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం దాకా వెళ్లి ప్రదర్శనలో పెట్టారు. న్యూయార్క్ వాళ్లు టికెట్టు కొని చూశారు. ఈ సభలో ఫణిగిరి గుట్ట ఎక్కినవాళ్లు చేతులెత్తండి... పదిమంది. పర్వాలేదు, నేను ఇద్దరు ముగ్గురే అనుకున్నాను.

సమయం అయిపోయిందని చీటీ వచ్చింది. ప్రశ్నలుంటే అడగండి.

(సభికుల్లో ఒకరు: ఒక్కరోజులో అన్నీ చూడాలంటే ఎలా ప్లాన్ చేసుకోవాలి సార్?)

చూడొద్దు. నేను 42 మందితో ఒక్కరోజులో అయిదు చోట్లు తిప్పాను. రాత్రి బస్సులో ఏం చూశారని అడిగితే "బిర్యానీ బాగుంది సార్" అన్నారు. రెండు చాలు. పొద్దున గోల్కొండ, ఎండ ముదిరేలోపు దిగిపోండి. మధ్యాహ్నం నీడపట్టున ఒక మ్యూజియం.

(ఇంకొకరు: ఫలక్‌నుమా?)

అదిప్పుడు హోటల్. 2010 నుంచి. ముందుగా వాళ్ల అనుమతి తీసుకోకుండా గేటు దాటలేం. నిజాం కొలువులో పెద్ద ప్రభువుల వంశమైన పాయిగా నవాబు వికారుల్ ఉమ్రా 1884లో పని మొదలుపెట్టి, కట్టి కట్టి అప్పులపాలయ్యాడు. మహబూబ్ అలీ పాషా వచ్చి బాగుందన్నాడు, ఆ తర్వాత అది ఆయనదైపోయింది. ఒకేసారి 101 మంది కూర్చుని తినే బల్ల ఉంది. నేను ఒక్కసారే వెళ్లాను, నా పాత స్టూడెంట్ ఒకడు టీ ఇప్పించాడు. టీ బాగుంది. బిల్లు నన్ను చూడనివ్వలేదు.

(ఒక మహిళ: నిజాం నగలు ఎక్కడ చూడొచ్చు?)

చూడలేమమ్మా. 1995లో కేంద్ర ప్రభుత్వం 218 కోట్లకు కొన్నది. 173 నగలు. ముంబయిలో రిజర్వు బ్యాంకు ఖజానాలో ఉన్నాయి. 2001లో, 2006లో సాలార్‌జంగ్‌కు తెచ్చి చూపించారు, 2019లో ఢిల్లీలో. రెండోసారి నేను వెళ్లాను. ఇవి ఇక్కడే ఉండాలి అన్నది నా గట్టి అభిప్రాయం, ఎవరడిగినా అదే చెబుతాను.

(ఒక అమ్మాయి: సార్, గోల్కొండలో చప్పట్లు నిజంగా పైకి వినిపిస్తాయా?)

మంచి ప్రశ్న. చాలా ఏళ్లు నేనూ నమ్మలేదు. పైకెక్కిన ప్రతిసారీ జనం గోల, కింద వందమంది కొడుతుంటే ఏది ఎవరిదో తెలిసేది కాదు. ఒక ఏడాది సన్నగా జల్లు పడుతోంది, గేటు తెరవగానే వెళ్లాం, జనం లేరు. పిల్లల్ని తీసుకుని నేను పైకెక్కాను. మా లెక్కల మాస్టారికి మోకాళ్ల నొప్పులు, కిందే ఉండిపోయాడు. కొండ కొసనున్న బారాదరి మండపం దగ్గర పిల్లలందరినీ ఊపిరి బిగబట్టమన్నాను. వినిపించింది. ఎండు పుల్ల విరిచినట్టు, చిన్నగా, స్పష్టంగా. పిల్లలు నా మొహం చూశారు. కాసేపటికి ఇంకోటి, వెంటనే మరొకటి. ఒకటి కొడితే ఊరికే పరీక్ష, రెండు కొడితే డ్రైవర్ తొందరపెడుతున్నాడని గుర్తు. ముందే అనుకున్నాం. అందరం దిగిపోయాం.